‘ప్రయరీ’ని ‘ఉపమఠం’ అనొచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని కార్ట్‌మెల్ ప్రయరీ చర్చి మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. అబ్బే (అబ్బట్ అనే అధిపతి ఉండే క్రైస్తవ మఠం) పెద్దది, ప్రయరీ (ప్రయర్ అనే అధిపతి ఉండేది) చిన్నది కదా అని ‘ఉపమఠం’ అని రాశాను. సరేనాండీ?

జవాబు: కార్ట్‌మెల్‌కి నప్పదండీ. ఉపమఠం అన్నాక పైన ఇంకో మఠం ఉండాలి. నార్‌ఫోక్‌లోని బినమ్‌కైతే ఆ మాట అతికినట్టు సరిపోతుంది, అది సెయింట్ ఆల్బన్స్ అబ్బే కింద నడిచింది. కార్ట్‌మెల్‌ను 1190 ప్రాంతంలో విలియం మార్షల్ అనే ఇంగ్లిష్ ప్రభువు స్థాపించాడు. అది మరే మఠానికీ లోబడకూడదు, ఎన్నడూ అబ్బే కాకూడదు అని దానపత్రంలోనే రాయించాడు. ప్రయర్ చనిపోతే అక్కడివాళ్లు ఇద్దరి పేర్లు పంపాలి, అందులో ఒకరిని మార్షల్ వారసులు ఖాయం చేయాలి అన్నది ఆనాటి షరతు. అబ్బే హోదా వస్తే ఈ పట్టు సడలుతుందనే కాబోలు! ఇక చిన్నాపెద్దా లెక్క వదిలేయండి. డరమ్ మహాచర్చి కూడా మఠం ఉన్న రోజుల్లో ప్రయరీయే. అప్పట్లో అక్కడ అబ్బట్ స్థానం బిషప్‌ది, మఠాన్ని నడిపింది ప్రయర్. ‘ప్రయరీ’ అనే ఉంచి, మొదటిసారి ‘ప్రయర్ ఏలుబడిలోని మఠం’ అని విప్పితే చాలు.

మరొకరు: కార్ట్‌మెల్ మఠవాసుల్ని ‘సన్న్యాసులు’ అని రాసి ఉంటే అదీ మార్చండి. అక్కడున్నది కానన్లు, అంటే అగస్టీన్ నియమం ప్రకారం ఉమ్మడిగా బతికే పాదిరీలు. చర్చి మిగిలిన కారణం కూడా రాస్తే బాగుంటుంది. గాయకస్థలికి (కానన్లు కూర్చుని ప్రార్థనలు పాడే చోటు) దక్షిణపు నడవలో ఊరివాళ్ల బలిపీఠం ఉండేది, దాన్నే ‘టౌన్ క్వయర్’ అంటారు. 1537లో మఠం మూతపడ్డాక ఆ నడవ ఊరికి దక్కింది. మిగతా కప్పు మీది సీసం ఒలిచేశారు. దాదాపు 80 ఏళ్లు లోపలి చెక్క ఆసనాలు వానకు నానాయి. 1618లో జార్జ్ ప్రెస్టన్ మరమ్మతు మొదలుపెట్టాకే మళ్లీ కప్పు పడింది.

ప్రశ్న: ‘మెలితిరిగిన గోపురం’ అన్నానే, అదైనా ఉంచొచ్చా?

జవాబు: మెలి ఎక్కడా లేదండీ. చదరపు గోపురం మీద ఇంకో చదరాన్ని 45 డిగ్రీలు తిప్పి కూర్చోబెట్టారు. పైదాని మూలలు కింది గోడల నడిమికి వస్తాయి. ‘ఐమూలగా తిప్పిన గంటల అంతస్తు’ అనండి. దిక్కులు రాసేటప్పుడు జాగ్రత్త: చుట్టువసారా (మఠం లోపలి ముంగిలి చుట్టూ ఉండే కప్పున్న నడవ) మొదట చర్చికి దక్షిణాన ఉండేది, తర్వాత ఉత్తరానికి మార్చారు. ఏ కాలం మాటో చెప్పకుండా దిక్కు రాస్తే తప్పవుతుంది.