తంగేడు కషాయం తాగుతూ నాన్న మాత్ర మానేశాడు

చంద్రగిరి వాడిని:
నాన్నకు 68. షుగర్ వచ్చి 11 ఏళ్లు. వాకింగ్‌లో ఎవరో చెప్పారంట, తంగేడు పూలు కాచి తాగితే షుగర్ దిగుతుందని. ఇంక చూడండి, రోజూ భాకరాపేట రోడ్డు వారన కోసి గుడ్డసంచి నిండా తెస్తున్నాడు. మిద్దె మీద ఎక్కడ చూసినా పూలే, అమ్మకు బట్టలు ఆరేసే చోటు కూడా లేదు. అంతవరకు సరే. నిన్న చూస్తే రాత్రి మాత్రలు తొమ్మిది రోజులవి అట్టలో అలాగే ఉన్నాయి. అడిగితే "ఆవారై పూత్తిరుక్క సావారై కండదుండో" అని అవ్వ మాట నాకే అప్పజెప్పాడు. అవ్వది తమిళం మాట్లాడే ఊరు. తంగేడు పూసే చోట చావు ఎక్కడిది అని దాని భావం.

అవ్వ ఈ పూలతో పెసరపప్పు చేసేది. ఎండబెట్టి పెసలతో కలిపి నలుగుపిండి విసిరేది. ఎండాకాలం మడికాడికి పోయే తాతకు తలగుడ్డ కింద ఆకు పెట్టి పంపేది. షుగర్‌కు ఇచ్చినట్టు మాత్రం గుర్తు లేదు. నిజంగా పనిచేస్తుందా?

పులిచెర్ల కోడలు:
మా అత్త రెండేళ్లుగా తాగుతుంది, కానీ మాత్ర మానలేదు. పప్పులో వేసేటప్పుడు తొడిమ, పచ్చరేకు తీసేయండి, లేకపోతే ఒకటే వగరు. రోడ్డు వారన కోయనివ్వకండి అన్నా, ఆ దుమ్మూ పొగా అంతా పూల మీదే.

తిరుపతి వైద్యుడు, ఆయుర్వేదం:
మీ అవ్వ చేసినవన్నీ మంచివే. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఈ పూల సారం చక్కెర తగ్గించిన మాటా నిజమే. దాన్ని పట్టుకుని మాత్ర మానేయడం మాత్రం తప్పు. ముందు పరగడుపున రక్తపరీక్ష చేయించి, మాత్రలు రాసిన డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మాత్ర, కషాయం రెండూ కలిపి వాడితే కొందరికి చక్కెర బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తే వెంటనే చక్కెర నీళ్లు ఇవ్వాలి. వగరు సంగతికొస్తే, తోళ్లు శుద్ధి చేసేవాళ్లు ఒకప్పుడు తంగేడు బెరడు వాడింది ఆ గుణం కోసమే. కషాయం చిక్కగా కాచి తాగితే కొందరికి మలబద్ధకం.

అంతకంటే నా టెన్షన్ వేరే. సంచిలో ఉన్నదంతా తంగేడేనా? కసింద కూడా పసుపు పూలే పూస్తుంది, గట్ల మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి. తంగేడు పొద, ఈనెకు 8 నుంచి 12 జతల చిన్న ఆకులు, కొసలు గుండ్రం. కసింద మెత్తటి మొక్క, నాలుగైదు జతలే, కొసలు కోసుగా, నలిపితే కంపు. ఇంకో గుర్తు: తంగేడు ఈనె కాండానికి అతుక్కునే చోట చెవి తమ్మెలాంటి చిన్న ఆకు ఉంటుంది. కసిందకు అది కనపడదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో కసింద గింజలు తిన్న చిన్నపిల్లలకు కాలేయం, మెదడు దెబ్బతిని ప్రాణాలు పోయాయి. కాయలున్న కొమ్మ ఇంట్లోకి రానివ్వకండి.

చంద్రగిరి వాడిని:
పొద్దున సంచి చాటలో కుమ్మరించాను. రెండు కొమ్మలు కసిందే, ఒకదానికి కాయలు కూడా. నలిపి చూపిస్తే అమ్మ ముక్కు మూసుకుని అవతలికి పోయింది. పరగడుపు షుగర్ 212. సాయంత్రం డాక్టరు దగ్గరికి పోతున్నాం, రాత్రి మాత్ర నా ఎదురుగానే వేసుకుంటానన్నాడు. పప్పు మాత్రం ఆదివారం ఉంది, మానిపించలేం. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని మిద్దె మీద కూర్చున్నాడు, ఒక్కో ఈనె తిప్పి చెవి ఉందా లేదా అని చూస్తున్నాడు.