అనిమే చూస్తూ ఎన్5 పాసవ్వొచ్చా?

నీలిమేఘం:
ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో అనిమే (జపాన్ యానిమేషన్) బాగా చూస్తాను. అక్కడక్కడా మాటలు చెవిన పడుతున్నాయి. జపనీస్ లిపులు హిరగానా, కటకానా వచ్చు. డిసెంబర్‌లో జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో మొదటి మెట్టయిన ఎన్5 రాయాలనుంది. అనిమే, మాంగాలతోనే (జపాన్ కామిక్స్) చదువుకోవచ్చా, పక్కన పెట్టేయాలా?

పాతకాగితం:
పక్కన పెట్టక్కర్లేదు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ మాత్రం తీసేయండి, అవి ఉన్నంతసేపూ కళ్లే పనిచేస్తాయి. జపనీస్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని రెండు మూడు నిమిషాల సీన్ తీసుకోండి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి వాక్యానికోసారి ఆపి తెలియని మాట వెతకండి. మూడోసారి పాత్రతోపాటు పైకి అనండి. ఒకే ఒక్క మాట తెలియని వాక్యాలను ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో కార్డులు చేసుకోండి. నాలుగు తెలియని మాటలున్నవాటిని వదిలేయండి, ఎలాగూ గుర్తుండవు. రోజుకు ఐదారు కార్డులు మించితే రివ్యూలు పేరుకుపోయి యాప్ తెరవాలంటేనే భయమేస్తుంది.

డిక్షనరీలో దొరకలేదంటే చాలాసార్లు అది కుదించిన రూపమే. 'తబెచత్తా' అంటే 'తబెతే షిమత్తా', 'ఇకనక్యా' అంటే 'ఇకనకెరెబా', 'సుగే' అంటే 'సుగొయి'. ఈ మార్పులు పట్టుబడితే సగం డైలాగులు విడిపోతాయి.

తూర్పుగాలి:
మార్కుల లెక్క చూడండి. ఎన్5 మొత్తం 180, పాసవ్వడానికి 80. వినికిడికి 60, అందులో కనీసం 19 రావాలి. మిగతా 120 పదజాలం, వ్యాకరణం, చదవడం. అక్కడ కనీసం 38. అనిమే సాయం ఎక్కువగా ఆ 60కే. పైగా పరీక్షలో ఎక్కువగా 'దెసు, మసు' అనే మర్యాద రూపాలు, అనిమేలో స్నేహితుల మధ్య మాట. అందుకే వ్యాకరణ పుస్తకం తప్పదు.

ఇంకోటి: 'కిసమా', 'తెమే' లాంటివి గొడవల్లో తిట్టుకునే మాటలు, వాటిని టీచర్ దగ్గర వాడారంటే అంతే సంగతులు. సమురాయ్, ఫాంటసీ కథలకన్నా స్కూలు, ఇల్లు చుట్టూ తిరిగేవి మేలు. ముసలి పాత్రలు 'నేను'కి 'వషి' అని మాట్లాడేది కూడా కథల భాషే, నిజం తాతలు అలా మాట్లాడడం అరుదు.

గవ్వలమూట:
మాంగా అయితే షోనెన్‌తో (అబ్బాయిల కోసం వచ్చేవి) మొదలుపెట్టండి. కంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) పక్కన ఫురిగానా, అంటే ఎలా పలకాలో చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి చదివి వెతకొచ్చు. పెద్దవాళ్ల కోసం వచ్చే సెయినెన్‌లో చాలావాటికి ఉండదు. పాటలతో ఉచ్చారణ నేర్చుకోవద్దు, ట్యూన్ మాటలోని స్వరం ఎత్తుపల్లాలను మింగేస్తుంది.

అర్థం రాసుకునేటప్పుడు ఇంగ్లీష్ మీదుగా పోకండి. క్రియ చివర్న రావడం, 'కరా' మన 'నుంచి'లాగే మాట వెనక చేరడం, 'తో' మన 'అని'లాగే చెప్పినదాని వెనక రావడం, ఇవన్నీ తెలుగు వరసే. నేరుగా తెలుగులో రాసుకుంటే వాక్యాన్ని తిరగేసే పనుండదు.