సమస్యాపూరణం: “చదువు రానివాఁడె చదువు నేర్పు”

నిర్వాహకుడు:
పైన ఇచ్చిన పాదమే ఈ వారం సమస్య. ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాయాలి. అయిదూ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా ఒక గురువు, ఒక లఘువు): చదువు, రాని, వాఁడె, చదువు, నేర్పు. యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) చ–చ. రెండో పాదమూ ఇంతే. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు (వీటికన్నా పెద్దవి) రావాలి.

సంస్కృతి అంటే ఏమిటన్న వాదం మీదే పూరించండి. చదువుకున్నవాళ్ళ కళాసాహిత్యాలా, జనం బతికే తీరంతానా? 1952లో అమెరికా మానవశాస్త్రజ్ఞులు క్రోబర్, క్లక్‌హాన్ 164 నిర్వచనాలు పోగేశారు. మన రాజ్యాంగం 29వ అధికరణం సంస్కృతిని కాపాడుకునే హక్కు ఇచ్చింది గాని, దాన్ని నిర్వచించలేదు.

పాలపిట్ట:
(శ్రీకాళహస్తి కలంకారీ: కలంతో గుడ్డ మీద బొమ్మలు గీసే కళ)

కరక కాయ పాలఁ గలిపి వస్త్రము ముంచి
ఇనుప తుక్కు బెల్ల మిముడ నాన్చి
నలుపుఁ దెచ్చువాని నైపుణ్య మది చూడు
చదువు రానివాఁడె చదువు నేర్పు

చేనేత:
పాలపిట్ట గారూ, పని వరస సరిగ్గా పట్టారు. గేదెపాలలోని కొవ్వు లేకపోతే కలం గీత గుడ్డ మీద పాకిపోతుంది. కరక్కాయ వగరు ఇనుప నీళ్ళతో కలిస్తేనే నలుపు తేలుతుంది. అయితే ఆ తుక్కూ బెల్లమూ ఊరికే నానితే చాలదు, రెండు మూడు వారాలు పులియాలి. “ఇనుప తుక్కు బెల్ల మిముడఁ బులియ” అంటే గణాలూ యతీ చెడవు. మూడో పాదంలో “అది చూడు” గణం నింపడానికి వచ్చిన వ్యర్థపదం. “నైపుణ్యమే బడి” అని చూడండి. తగణం, భగణం (రెండూ ఇంద్రగణాలే) సరిపోతాయి, నాలుగో పాదానికి దారీ పడుతుంది.

మంజీర:
(ఒగ్గుకథ: డోలు, తాళాలతో మల్లన్న కథ చెప్పే జానపద కళ)

పాట నోట నున్నఁ బదితరాలకుఁ జేరు
వ్రాఁత లేకయున్న వాడిపోదు
ఒగ్గుకథనుఁ జెప్పు నొక్క గురువు చాలు
చదువు రానివాఁడె చదువు నేర్పు

నిర్వాహకుడు:
“వాడిపోదు, ఒగ్గు” దగ్గర విసంధి (అచ్చుల మధ్య సంధి చేయకపోవడం). “వాడిపోని / యొగ్గుకథను” అంటే యడాగమంతో (మధ్యలో ‘య’ చేరి) దోషం పోతుంది, యతి ఒకారంతోనే నిలుస్తుంది. భావం బలమైనదే. 2003 నాటి యునెస్కో ఒడంబడిక కూడా జనం చేసే పనిని, చేతి నేర్పును వారసత్వంగా గుర్తించింది.

గోదావరి:
“ఒక్క గురువు చాలు” మాత్రం ఒప్పుకోలేను. వంత పలికేవాడు, డోలు, తాళాలవాళ్ళు లేకపోతే మల్లన్న కథ నడవదు. దళం విడిపోతే గురువు బతికున్నా కథ ఆగిపోతుంది. ఆడపిల్లను దేవుడి పేర అంకితం చేసే జోగిని ఆచారం మీద నా పూరణ ఇది:

జోగినిగను బాలఁ జూపి సంస్కృతి యంద్రు
శాసనమ్ము దాని సాఁగనీదు
గాయపడిన తల్లి గాథయే పాఠమ్ము
చదువు రానివాఁడె చదువు నేర్పు

చేనేత:
ఈ వాదం ఎవరో ఒకరు తేవలసిందే. బతికే తీరంతా సంస్కృతే అని ఊరుకుంటే జోగిని ఆచారానికీ అదే గొడుగు పట్టినట్టవుతుంది. కానీ “సాఁగనీదు” అన్నంత ధీమా చరిత్రలో లేదు. 1947లో మద్రాసులో ఇలాంటి అంకితాలను ఆపే చట్టం వచ్చాక కూడా, ఆంధ్రప్రదేశ్ 1988లో మళ్ళీ చట్టం చేయాల్సి వచ్చింది.

నిర్వాహకుడు:
ఇంకో చిక్కు: మూడో పాదంలో తల్లి, నాలుగో పాదంలో “వాఁడె”. అన్వయం కుదరలేదు. “తండ్రి” అని మారిస్తే గణం నిలుస్తుంది గాని, బాధ పడినది స్త్రీ కదా, నిజం తప్పుతుంది. అసలు చదువు రానిది ఎవరికో మార్చి చూడండి:

గాయ మెఱుఁగకుండఁ గట్టుబా టనునట్టి
చదువు రానివాఁడె చదువు నేర్పు

ఇక్కడ చదువు రానివాఁడు ఆచారాన్ని వెనకేసుకొచ్చే పెద్దమనిషి. మొదటి పాదంలోని “అంద్రు” ఎలాంటివాళ్ళ మాటో కూడా తేలింది.