అరకు టూరిజం ఒక్కదాని మీదే ఎన్నాళ్లు బతుకుతుంది?

ఎంవీపీ కాలనీ (వైజాగ్) నుంచి ఒకరు: చలికాలం వీకెండ్ వస్తే వైజాగ్ కార్లన్నీ ఘాట్ రోడ్డు మీదే, ఎండలు ముదిరాక బొంగు చికెన్ బండ్ల వాళ్లు ఈగలు తోలుకోవాల్సిందే. ఏడాది పొడవునా పని దొరకాలంటే ఏం చేయాలండీ?

సీతమ్మధార (వైజాగ్) నుంచి ఇంకొకరు: కాఫీయే అండీ. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతం సరుకు అని ఇచ్చే ముద్ర) కూడా వచ్చింది. కానీ పండు కోసి, ఎండబెట్టి బస్తాల్లో అమ్మేస్తే రైతుకి మిగిలేది కొంచెమే. పల్పింగ్ (పండు తొక్క తీయడం), గ్రేడింగ్, వేయించడం, ప్యాకింగ్ అన్నీ అక్కడే జరిగితే కుర్రాళ్లకి ఊళ్లోనే జీతాలొస్తాయి. నీడకోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగ పాకిస్తే అదే తోటలో రెండో ఆదాయం.

పాడేరు (మన్యం) నుంచి ఒక గిరిజనుడు: అన్నా, పెద్ద రిసార్టులు మాత్రం వద్దు. గిరిజన ప్రాంతాల్లో భూమి బయటివాళ్ల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉండబట్టే భూమి ఇంకా మావాళ్ల చేతిలో ఉంది, దాన్ని కదపొద్దు. హోమ్‌స్టేలు పెట్టుకోడానికి మాకే లోన్లు ఇప్పించమనండి.