ఊరికి వెళ్లని వేసవి: ఏడు వారాలు నగరంలోనే ఎలా గడపాలి?

కూకట్‌పల్లి నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఐదుగురం ఉంటాం: మా అమ్మ, నేను, నా భార్య, పన్నెండేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల అమ్మాయి. ప్రతి ఏడాదీ బడికి సెలవులిచ్చిన మర్నాడే పిల్లలనూ అమ్మనూ విజయవాడ దగ్గరి మా ఊరికి బస్సెక్కించేవాళ్లం. అక్కడ చెరువు, మామిడితోట, పిన్నిగారి పిల్లలు, రాత్రిళ్లు డాబా మీద పడకలు ఉండేవి కనుక సెలవులు ఎలా గడపాలన్న ప్రశ్న మాకు ఏనాడూ ఎదురు కాలేదు. నిరుడు కార్తికంలో ఆ ఇల్లు అమ్మేశాం. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12న బడులు తెరిచేదాకా, ఏడు వారాలపాటు ఈసారి అందరం ఈ రెండు పడగ్గదుల ఫ్లాట్‌లోనే ఉండాలి.

పది రోజుల కిందట రాత్రి భోజనాల దగ్గర, ఈ వేసవిలో ఎవరికి ఏం సాధించాలని ఉందో చెప్పమని నేనే అడిగాను. అబ్బాయికి ఇంకా సైకిలు తొక్కడం రాదు. తన ఈడు వాళ్లందరికీ వచ్చునని లోపల్లోపల సిగ్గుపడుతున్నాడు. అమ్మాయి ఇంగ్లిషు మాధ్యమంలో చదువుతోంది కనుక తెలుగును కూడబలుక్కుంటుంది. నానమ్మ పేపరును నానమ్మలాగే గడగడా చదవాలని దాని కోరిక. నా భార్య ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ వేళలు వారానికోసారి మారుతుంటాయి. రోజూ అరగంట నడిస్తే చాలునంది. ఇన్నేళ్లూ ఊరినుంచి వచ్చిన జాడీ మూత తీయడమే తప్ప నాకేమీ తెలియదు కనుక, అమ్మ దగ్గర ఆవకాయ పెట్టడం నేర్చుకుంటానన్నాను. అమ్మ మాత్రం ఏమీ కోరలేదు. గట్టిగా అడిగితే, పదకొండేళ్లుగా ఈ నగరంలో ఉంటున్నా సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటలు కొట్టే గడియారాన్ని చూడలేదని, మెట్రో రైలు కింద నడవడమే కాని ఎక్కింది లేదని చెప్పింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి.

నేను వృత్తిరీత్యా అకౌంటెంటును. అలవాటు ప్రకారం గోడకు ఒక కాగితం అంటించి, ఒక్కొక్కరి పేరు పక్కన గళ్లు గీసి, అయినరోజు టిక్కు పెట్టమన్నాను. సెలవులు మొదలు కాకముందే పిల్లలు దాన్ని హోంవర్కులా చూస్తున్నారు. దీనికి తోడు వారానికొకసారైనా బయటికి తీసుకువెళ్లమని అడుగుతున్నారు. లక్ష్యాలను ఒక పక్క, షికార్లను మరో పక్క పెడితే మాకున్న తీరికలో రెండూ ఇమడవు. రెంటినీ కలిపి చేసినవారు ఎవరైనా ఉంటే దారి చెప్పగలరు. ఊటీకో అరకుకో వెళ్లమనే సలహా మాత్రం వద్దు. అంత డబ్బూ లేదు, నా భార్యకు అన్ని రోజుల సెలవూ దొరకదు.

సీతాఫల్‌మండి అక్క:

తమ్ముడూ, సైకిలు సంగతి నాకు వదిలెయ్యండి. మా ఇద్దరు పిల్లలకూ, ఆ తరువాత నలభై ఒకటో ఏట నాకూ ఒకే పద్ధతిలో వచ్చింది.

వెనక సీటు పట్టుకుని పరుగెత్తడం మానెయ్యండి. పట్టుకున్న మనిషి మీద ఆనడమే పిల్లవాడికి అలవాటవుతుంది, మీకు నడుము నొప్పి మిగులుతుంది. రెండు పెడళ్లనూ ఊడదీసి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంతగా సీటు దించండి. కాళ్లతో నేలను తోసుకుంటూ, కొంచెం కొంచెంగా రెండు కాళ్లూ పైకెత్తి జారనివ్వండి. వాలుతున్న వైపుకే హ్యాండిల్ తిప్పితే బండి మళ్లీ నిలబడుతుందన్న రహస్యం వాడి చేతులకు మూడు నాలుగు రోజుల్లో అందుతుంది. ఆ తరువాత పెడళ్లు బిగిస్తే ఇక నేర్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. పెడల్ విప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కుడి పెడల్ అన్ని మరల్లాగే విప్పుకుంటుంది కాని, ఎడమ పెడల్‌కు మర ఎదురుగా ఉంటుంది. గడియారపు ముల్లు తిరిగే వైపుకు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక మావారు ఒక పూటంతా స్పానర్‌తో కుస్తీ పట్టి, దాన్ని మరింత బిగించిపెట్టారు.

ఈ పనికి పెద్ద మైదానం అక్కరలేదు. కొంచెం వాలుగా ఉన్న కాలనీ వీధి చాలు, అయితే ఉదయం ఆరున్నరకు ముందే ముగించాలి. మీ శ్రీమతి నడకను దీనికే జోడించండి. వాడు జారుతూ వెళతాడు, ఆవిడ వెనకాల నడుస్తూ వెళుతుంది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన రోజున మాత్రం ఆవిడను నిద్రపోనివ్వండి. ఆ పూట వెళ్లవలసింది మీరు.

నల్లకుంట మాస్టారు:

నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయుణ్ణి. మీ అమ్మాయి కోరికకూ మీ అమ్మగారి కోరికకూ విడివిడి గళ్లు గీయడం మీరు చేసిన పొరపాటని నాకు తోచింది. అవి రెండూ ఒకే ప్రయాణంలో తీరుతాయి.

కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా ఎక్కడా దిగి మారవలసిన పని లేదు. దారిలో ప్రతి స్టేషన్‌లోనూ పేరు తెలుగులో రాసి ఉంటుంది. రైలు ఆగే ఆ కొద్ది క్షణాల్లో బోర్డు వెతికి, చదివి, నానమ్మకు చెప్పే బాధ్యత మనవరాలికి అప్పగించండి. వాచకం తెరిచి కూర్చోబెడితే ఆవులించే పిల్ల ఇక్కడ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంది, ఎందుకంటే ఏ స్టేషన్ వచ్చిందో నానమ్మకు చెప్పవలసింది తానే. చదవడం వచ్చిన మీ అమ్మగారు ఆ కాసేపు కళ్లజోడు సంచిలోనే ఉంచుకోవాలి సుమా! ఈ మార్గంలోని పేర్లు ఎవరో పాఠం కోసం ఏరి పెట్టినట్లుంటాయి. ఎర్రగడ్డలో రెండు ద్విత్వాలున్నాయి, పంజాగుట్టలో సున్నా ఒత్తూ ఉన్నాయి, ఖైరతాబాద్‌లో ఐత్వమూ పొల్లూ ఉన్నాయి, లక్డీకాపూల్‌లో కకారం కింద డకారం కూర్చుంది. కూడబలుక్కునే పిల్లలు తడబడేది సరిగ్గా ఈ ఒత్తుల దగ్గరే. పత్రికలోని చిన్న అక్షరాలకన్నా ముందు ఈ పెద్ద అక్షరాలు అలవాటు కావాలి. తిరుగు ప్రయాణంలో ఆర్టీసీ బస్సుల పలకలు చదివించండి. అవి కదులుతుంటాయి కనుక కొంచెం కష్టం, అందుకే మంచి సాధన.

దిగిన చోటినుంచి మ్యూజియం దాకా ఆటో మాట్లాడుకోండి, మీ అమ్మగారి మోకాళ్లకు ఆ నడక వద్దు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. దారి మూసీ దగ్గరగా సాగుతుంది కనుక పిల్లలకు ఒక సంగతి చెప్పండి. 1908 సెప్టెంబరు 28న ఆ నది పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు, ఆవలి ఒడ్డున ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు మీదికి ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తరువాతే ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇప్పటి నీటిపాయను చూసి మీ అబ్బాయి నమ్మకపోవచ్చు.

తెలుగు చదవడం మీద రుచి పుట్టాక సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి తీసుకువెళ్లండి. 1901లో, నిజాం ఏలుబడిలో తెలుగుకు ఆదరణ కరువైన రోజుల్లో, తెలుగువాళ్లు పూనుకుని పెట్టుకున్న గ్రంథాలయం అది.

మెహిదీపట్నం వాసి:

పై ఇద్దరూ చెప్పినవి మంచివే కాని, నేను కొంచెం ఎదురు చెబుతాను. ఆ కాగితాన్ని ముందు గోడమీంచి తీసెయ్యండి. ఊళ్లో మీ పిల్లలు ఈత నేర్చుకున్నప్పుడు ఎవరూ టిక్కులు పెట్టలేదు కదా. రోజులో కొన్ని గంటలు వాళ్లను ఏమీ తోచక కూర్చోనివ్వండి. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా హైదరాబాదు ఎండలో ఎలాగూ వేరే మార్గం లేదు. తెల్లవారుజామున బయలుదేరండి అని చెప్పడం సులభమే. ఐదింటికి బయలుదేరాలంటే నాలుగింటికి లేచి ఉప్మా చేసి, సీసాల్లో మజ్జిగ పోసేది ఎవరన్న ప్రశ్న కూడా ఇంట్లో తేల్చుకోవాలి. మా ఇంట్లో ఆ మనిషి మా ఆవిడే అయింది, రెండో వారానికి ఆవిడ రానంది, అది న్యాయమే.

పెద్దవాళ్లతో వెళ్లేవారికి నా అనుభవం ఒకటి చెప్పాలి. మూడేళ్ల కిందట మే నెలలో మా అమ్మను గోల్కొండ కోట పైదాకా ఎక్కించాలని పట్టుబట్టాను. కోట తెరిచేసరికే ఎండ మొదలైంది, పైగా మూడు వందలకు పైగా మెట్లు. సగం దారిలో ఆవిడకు కళ్లు తిరిగాయి. నీడలో కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మెల్లగా దించుకొచ్చేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. తప్పు పూర్తిగా నాది. ఆవిడ మొదటి మలుపులోనే ఇక చాలురా అంది.

ఆ తరువాతి ఏడాది జూన్‌లో, తొలకరి పడి చల్లబడ్డాక, మళ్లీ వెళ్లాం. ఈసారి అమ్మ, మా ఆవిడ కిందే, ప్రవేశద్వారం దగ్గరి గుమ్మటం కింద ఉండిపోయారు. నేను పిల్లలతో పైనున్న బాలాహిసార్‌కు ఎక్కి ఫోన్ చేశాను. కింద అమ్మ చప్పట్లు కొట్టింది. పైన మాకు వినిపించింది! శత్రువు వస్తే పైకి కబురందడానికి కుతుబ్‌షాహీల కాలంలో చేసుకున్న ఏర్పాటు అది. గైడ్లు కొట్టే చప్పట్లు అందరూ వింటారు, మా పిల్లలు మాత్రం నానమ్మ చప్పట్లు విన్నామని ఇప్పటికీ చెబుతారు. ఎక్కలేని మనిషిని ఇంట్లో వదిలివెళ్లడం, బలవంతంగా ఎక్కించడం, ఈ రెండూ కాక మూడో దారి ఉందని నాకు తట్టడానికి ఒక ఏడాది పట్టింది.

తార్నాక మేడమీది మనిషి:

ఒక్క పైసా, ఒక్క అడుగు ప్రయాణం అక్కరలేని విశేషం ఒకటి మిగిలిపోయింది. మే 9న మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ సమయానికి మీ మేడ మీద ఒక స్టీలు గ్లాసును బోర్లిస్తే దాని నీడ బయటికి కనిపించదు. పిల్లలు నిటారుగా నిలబడితే వాళ్ల నీడ వాళ్ల కాళ్ల కిందికే చేరుతుంది. మన నగరం ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకులో, కర్కట రేఖకు దక్షిణాన ఉంది కనుక ఇలా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. రెండోది ఆగస్టు 3న, కాని అప్పటికి మబ్బులుంటాయి. విజయవాడ ఇంకా దక్షిణాన ఉంది కనుక అక్కడ మూడు నాలుగు రోజులు ముందే వస్తుంది. పావుగంట ముందు నుంచీ నీడ చివర సుద్దముక్కతో గీతలు పెట్టుకుంటూ పోతే అది ఎలా కుంచించుకుపోతుందో తెలుస్తుంది. మేడ కాలిపోతుంటుంది, చెప్పులు విప్పనివ్వకండి. పని కాగానే కిందికి దిగండి.

కూకట్‌పల్లి నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. కాగితం తీసేశాను, దాని వెనకవైపు ఇప్పుడు అమ్మ ఆవకాయ లెక్క ఉంది.

నిజానికి మేము మొదట మ్యూజియానికే బయలుదేరబోయాం. అమ్మ ఒప్పుకోలేదు. “గడియారం ఎక్కడికీ పోదురా, కాయ ముదిరిపోతుంది” అంది. దాంతో ఆదివారం ఉదయం రైతుబజారుకు ఐదుగురం వెళ్లాం. అమ్మ ఒక్కో కాయనూ చేత్తో నొక్కి, మెత్తగా తగిలినవన్నీ పక్కన పెట్టింది. టెంక కట్టిన పుల్లటి కాయ అయితేనే ముక్క ఏడాదిపాటు మెత్తబడకుండా ఉంటుందట. ముక్కలు అక్కడే కొట్టించుకు వచ్చి, శుభ్రంగా ఉండాలని నేను వాటిని కుళాయి కింద కడిగేశాను. అమ్మ నన్ను అంతలా తిట్టి పాతికేళ్లయింది. కాయను కొట్టకముందే కడిగి, తడి లేకుండా తుడవాలి, కోసిన ముక్కకు నీళ్లు తగిలితే బూజు పడుతుంది. ఆ ముక్కలు నాలుగు రోజులు పప్పులోకి, పచ్చడిలోకి పోయాయి. మర్నాడు మళ్లీ కాయలు తెచ్చాను. నాలుగు గిన్నెల ముక్కలకు ఆవపిండి ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఉప్పు గిన్నెకు కాస్త తక్కువ. తొమ్మిది గిన్నెలకు ఎంతవుతుందో అబ్బాయి భిన్నాలు వేసి చెప్పాడు. నువ్వుల నూనె మాత్రం అమ్మ ఏ లెక్కా లేకుండా పోసింది. మూడో రోజు తిరగకలిపినప్పుడు ఇల్లంతా ఊరి వాసన వేసింది. ఏమీ కోరని మనిషి ఆ మూడు రోజులూ మా అందరినీ పేరుపేరునా పనిలోకి తోసింది.

అక్కయ్యగారూ, ఎడమ పెడల్ మీరు చెప్పినట్లే ఊడింది. వాడు పది గజాలు కాళ్లెత్తి జారుతున్నాడు. నా భార్యకు ఈ వారం రాత్రి డ్యూటీలు కనుక వెనకాల నడుస్తున్నది నేను. శనివారం నీడ చూడాలని గ్లాసు సిద్ధం చేసుకున్నాం. విజయవాడకు ముందే వస్తుందని తెలిసి అమ్మ పిన్నికి ఫోన్ చేసి, వాళ్ల పిల్లలను కూడా మేడ ఎక్కమంది. మ్యూజియానికి వచ్చే ఆదివారం వెళుతున్నాం. మాస్టారూ, ఒక్క సందేహం: గడియారం దగ్గర అమ్మ కూర్చోవడానికి చోటు ఉంటుందా?

నల్లకుంట మాస్టారు:

ఉంటుంది, కాని పన్నెండు గంటలకు జనం ఎక్కువగా చేరతారు. గడియారంలోని గడ్డపు బొమ్మ గంట కొట్టేవేళకు తలుపు తీసుకుని బయటికి వస్తుంది; పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు కొడుతుంది కనుక అందరూ దానికోసమే కాచుకుంటారు. పదకొండున్నరకే మీ అమ్మగారిని ముందువరుసలో కూర్చోబెట్టి, మీరు పిల్లలతో తక్కిన గదులు చూసి రండి.