పాప పేరున ఉన్న 30 సెంట్లు ఎవరికి చెందుతాయి?

చీపురుపల్లి మేనమామ:
మా చెల్లిని నరసన్నపేట దగ్గరి పల్లెకి ఇచ్చాం. బావగారు పోయి ఐదేళ్లు. వంశధార కాలవ కింద ఆయన స్వార్జితం ఎకరం 20 సెంట్లు. వీలునామా లేదు. చెల్లికి, పాపకి, బాబుకి, వాళ్ల నాన్నమ్మకి తలా 30 సెంట్లు రాయించుకున్నాం.

మొన్న కార్తీకంలో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పాప పోయింది. పదో తరగతి. పుస్తకాలకి వేసిన అట్టలు అలాగే ఉన్నాయి.

దినాలు కాకముందే చెల్లి మరిది మొదలెట్టాడు: ‘పాప వాటా మా అమ్మకీ నాకూ రావాల’ అని. ‘నా కడుపున పుట్టినదాని భూమి నాది కాకపోతే ఎవులిది’ అని చెల్లి. పైగా పాప పుట్టినప్పుడు మా నాన్న వేసిన 2 లక్షల డిపాజిట్ ఉంది, నామినీని నేను. అదీ పంచాలా? ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటారట.

రాజాం మాస్టారు:
పెళ్లికాని పిల్లలు పోతే తల్లే మొదటి తరగతి వారసురాలు. మొత్తం ఆమెదే. భయపడకండి.

టెక్కలి దస్తావేజుల రాతగాడు:
మాస్టారూ, పోయింది మగపిల్లాడైతే మీ మాట సరి. తండ్రి కూడా తల్లి తర్వాతే. ఆడపిల్లకి దారి వేరు. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఆమెకి తల్లి నుంచో తండ్రి నుంచో వారసత్వంగా వచ్చిన ఆస్తి, ఆమెకి పిల్లలు లేకపోతే తండ్రి వారసులకి పోతుంది. తండ్రి ఇప్పుడు పోయినట్టు లెక్కేసుకోవాలి. అంటే భార్య, కొడుకు, తల్లి. తలా 10 సెంట్లు. మరిదికి ఏమీ రాదు, ఆయన రెండో తరగతి వారసుడు, మొదటి తరగతి వాళ్లు ఉండగా ఆయనకి వంతు రాదు.

డిపాజిట్ సంగతి వేరే. తాతగారు ఇచ్చింది కానుక, వారసత్వం కాదు. తండ్రి లేడు గనక అది పూర్తిగా తల్లిదే. నామినీగా డబ్బు మీ చేతికొస్తుంది, మీది కాదు, చెల్లికి అప్పగించాలి. పాప వీలునామా రాసుండొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి, 18 నిండనివాళ్లు రాసినా చెల్లదు.

బాబు మైనరు. అతని 10 సెంట్లు కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా అమ్మలేదు. ఆ మాట ఆదివారం గట్టిగా చెప్పండి.

చీపురుపల్లి మేనమామ:
చెప్పాను బాబూ. మరిది లేచిపోయాడు. ముసలమ్మ మాత్రం ‘పాప వాటా నాకేటికి, కోడలికే రాసీండి’ అంది. చెల్లి ఏడ్చింది. నామినీ మాట నాకూ కొంచెం గుచ్చుకుంది, నిజం చెప్పొద్దూ. ముసలమ్మ నోటి మాట సరిపోతాదా?

టెక్కలి దస్తావేజుల రాతగాడు:
సరిపోదు. ఈరోజు మంచి మనసు, రేపు కొడుకు పక్కన కూర్చుంటే ఏటవుతాదో. హక్కు విడుదల దస్తావేజు రిజిస్ట్రీ చేయించండి. పాప మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ కాగితం) తీసి ఉంచుకోండి. ఆవిడ నడవలేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఇంటికొచ్చి సంతకం తీసుకునే వీలుంది, దానికి దరఖాస్తు పెట్టాలి.

చీపురుపల్లి మేనమామ:
నడుస్తాది గానీ ఆటో ఎక్కదు. దరఖాస్తే పెడతాం.