‘కాల్ ఐరన్’: స్కాట్లాండ్ జాలరి పల్లెల్లో నోరెత్తి అనకూడని మాటలు

“బియ్యం అయిపోయాయి అనకుండా నిండుకున్నాయి అంటాం. దీపం ఆరిపోయింది అనకుండా కొండెక్కింది అంటాం. తాళి తెగింది అనం, పెరిగింది అంటాం. ఇలా చెడ్డమాటను తప్పించి మాట్లాడే అలవాటు ఇంగ్లీషు వాళ్ళలో ఉందా?” అని మొన్న ఒక సభ్యురాలు ఇక్కడ అడిగారు. ఇంగ్లీషు వాళ్ళ సంగతి నేను చెప్పలేను గానీ, స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో మాత్రం ఈ అలవాటు ఒక చిన్న భాష అంత పెరిగింది. నేను అబర్డీన్‌లో ఉంటున్నాను కాబట్టి ఆ ముచ్చట్లు విన్న చెవులతోనే రాస్తున్నాను.

ఫ్రేజర్‌బరో నుంచి పడమరగా బకీ దాకా మోరే ఫిర్త్ అనే అఖాతం ఒడ్డున వరసగా జాలరి పల్లెలు. పెన్నన్, క్రోవీ, గార్డెన్స్‌టౌన్, పోర్ట్‌సోయ్, కలన్, పోర్ట్‌నాకీ, ఇలా. మా పక్కింటి పెద్దావిడ పుట్టింది గార్డెన్స్‌టౌన్‌లో. 1720లో అలెగ్జాండర్ గార్డెన్ అనే భూస్వామి కట్టించిన ఊరు కాబట్టి ఆ పేరు. ఊరివాళ్ళు మాత్రం గేమ్రీ అనే అంటారు. ఏటవాలు కొండకి మెట్లు మెట్లుగా ఇళ్ళు. చాలా ఇళ్ళకి ముఖం పక్కకి ఉంటుంది, సముద్రానికి ఎదురుగా ఉండేది పక్కగోడ. తుపాను గాలి తలుపులూ కిటికీల మీద పడకుండా అలా కట్టుకున్నారు. ఆవిడ చిన్నతనం 1950ల నాటిది. నాన్న, బాబాయిలు, మేనమామలు అందరూ పడవల మీదే.

ఆవిడకి బాగా గుర్తున్న సంగతి వంటింట్లో పొయ్యి. పోత ఇనుముతో చేసిన నల్లటి పొయ్యి, దానికి ఒక చిన్న తలుపు, తలుపుకి ఇనప గడియ. వాళ్ళ నాన్న వేటకు బయల్దేరే ముందు టీ తాగుతుంటే, ఈవిడ తమ్ముడు బడిలో నేర్చుకున్న పాఠం గట్టిగా చదువుతూ ‘పిగ్’ అనేశాడట. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. కప్పు కింద పెట్టి, లేచి వెళ్ళి, ఆ గడియ మీద చెయ్యి వేసి “కాల్ ఐరన్” అన్నాడు. అంటే చల్లని ఇనుము. అనకూడని మాట నోట వస్తే దోషం పోవడానికి ఇనుము ముట్టుకుని అనే మాట ఇది. పిల్లలిద్దరూ కూడా వచ్చి ముట్టుకుని అనాల్సిందే. ఆ తరువాతే ఆయన కోటు వేసుకున్నాడు. చేతికి ఆ ఇనుము చల్లగా కాదు, చుర్రుమనేలా తగిలేదని ఆవిడ చెప్పారు, పొయ్యి వెలుగుతోంది కదా.

పంది అన్న మాట పడవ మీదే కాదు, పడవకి వెళ్ళబోయే మనిషి ముందు కూడా అనకూడదు. దానికి మారుపేర్లు ఉన్నాయి. ‘గ్రంఫీ’ అంటారు, గురగురమనేది అని. కొన్ని చోట్ల ‘శాండీ క్యాంప్‌బెల్’ అని ఏకంగా మనిషి పేరే పెట్టారు. సాల్మన్ చేపని సాల్మన్ అనరు, ‘ఎర్ర చేప’ అంటారు, లేదా ‘కాల్ ఐరన్’ అనే అనేస్తారు. అంటే దోషానికి విరుగుడుగా చెప్పే మాటే చివరికి ఆ చేపకి పేరైంది! నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. కుందేలు పేరు కూడా నిషిద్ధం. ఇక చర్చి పాస్టరుగారు. ఆయన్ని ‘నల్లకోటు ఆయన’ అనాలి. ఆయన పడవ ఎక్కడం అటుంచి, వేటకి వెళ్తుంటే ఎదురు రావడం కూడా అపశకునమే. మనకి ఒంటి బ్రాహ్మడు ఎదురైతే అన్నట్టు.

పందికి ఎందుకింత భయం అంటే, బైబిల్లో దయ్యాలు పట్టిన పందుల మంద పరుగెత్తి నీళ్ళలో పడి చచ్చిన కథ చూపిస్తారు. ఇంకా దక్షిణాన ఉన్న ఫైఫ్ తీరపు పల్లెల మీద ఒక ముచ్చట ఉంది. ఆదివారం చర్చిలో ఆ ఘట్టం చదువుతుంటే జాలర్లంతా వంగి బెంచీల మేకులు, బూట్ల మేకులు తడుముకునేవారట, చర్చి నిండా “కాల్డ్ ఐరన్, కాల్డ్ ఐరన్” అని సణుగుడు వినిపించేదట. అయితే ఆ కథ వల్లే భయం పుట్టిందా, లేక ముందే ఉన్న భయానికి కథ దొరికిందా అంటే, నాకు రెండోదే నిజమనిపిస్తుంది. సాల్మన్‌కి, కుందేలుకి బైబిల్లో అలాంటి కథేమీ లేదు మరి.

ఇప్పుడు మన మాటలతో పోల్చి చూద్దాం. మనం సాధారణంగా చెడ్డదాన్ని తిరగేసి మంచిమాటగా అంటాం. ఖాళీ అయితే నిండడం, తెగితే పెరగడం. చివరికి “వెళ్తాను” అనకుండా “వెళ్ళొస్తాను” అనడం. అక్కడ తిరగెయ్యడం లేదు, చుట్టు తిప్పి గుర్తుపట్టేలా చెప్పడమే ఉంది. రాత్రిపూట పాముని పురుగు అనడం, కరిస్తే “పురుగు ముట్టింది” అనడం దానికి దగ్గర. ఇంకో తేడా ఉంది. మన నిషేధాలు కొన్ని వేళని బట్టి ఉంటాయి. పగలు అనే మాట దీపాలు పెట్టాక అనం. వాళ్ళవి చోటుని బట్టి. పొలంలో పందిని పంది అనొచ్చు, రేవులో అనకూడదు. తీరం నుంచి రెండు మైళ్ళు లోపలికి ఉన్న రైతుకి ఈ గొడవే లేదు.

ఒక సభ్యుడు: మా తాతగారు బయటికి వెళ్తుంటే “ఎక్కడికి?” అంటే ఇంతెత్తున లేచేవారు. “దూరమా?” అని అడగాలి. అక్కడ ఇలాంటిది ఉందా?

అచ్చంగా ఇదే ఉందండీ. పడవ వైపు నడిచే మనిషిని ఎక్కడికని అడిగితే శాపనార్థాలు తప్పవు. అడిగినవాడి నాలుక తెగ్గొయ్యమని సైతాన్‌కి అప్పజెప్పేవారట. ఈ సంగతులన్నీ రాసిపెట్టిన మహానుభావుడు వాల్టర్ గ్రెగర్. ఆయన ఆ తీరంలోనే పిట్స్‌లీగో అనే చోట పాస్టరు. అంటే ఏ నల్లకోటు పేరెత్తడానికి జాలర్లు జంకేవారో ఆ కోటు వేసుకున్న మనిషే వాళ్ళ దగ్గర కూర్చుని ఇవన్నీ రాబట్టి 1881లో అచ్చువేయించాడు. ఎంత నమ్మకం సంపాదించుకుని ఉంటే చెప్పి ఉంటారు!

మాట వచ్చింది కాబట్టి, అక్కడి యాసలో “ఎక్కడ” అంటే ‘ఫార్’, “ఏమిటి” అంటే ‘ఫిట్’, “ఎప్పుడు” అంటే ‘ఫాన్’. ఇంగ్లీషులో వేర్, వాట్, వెన్ అని మొదలయ్యే చోట ఫకారం వస్తుంది. అబ్బాయి ‘లూన్’, అమ్మాయి ‘క్వైన్’. మా పెద్దావిడ నన్ను పలకరించేది కూడా “ఫిట్ లైక్?” అనే, అంటే ఎలా ఉన్నావు అని. ఈ యాసని డోరిక్ అంటారు. ఆవిడ బడిలో ఇలా మాట్లాడితే దెబ్బలు పడేవట. ఇంట్లో కొన్ని మాటలు అనకూడదు, బడిలో ఇంటి మాటలే అనకూడదు.

ఇంకొక సభ్యురాలు: మనుషుల పేర్ల మీద కూడా ఇలాంటి నిషేధం ఉండేదా?

ఉండేది. బకీలో రాస్ అన్న ఇంటిపేరు పలికేవారు కాదని గ్రెగర్ రాశాడు. వింటే ఉమ్మేసేవారు. ఆ ఇంటిపేరున్న మనిషిని ‘చిఫర్ ఔట్’ అనేవారు, అంటే ఉమ్మెయ్యాల్సినవాడు. పాపం ఆ కుటుంబాలవాళ్ళు ఎలా బతికారో. పడవలో కూలికి పెట్టుకోవడానికి కూడా వెనకాడేవారట.

ఇంటిపేర్ల విషయంలో ఆ పల్లెలది ఇంకో చిక్కు. మనకి ఒక్క ఊళ్ళో యాభై ఇంటిపేర్లుంటాయి. అక్కడ ఊరంతా కలిపి మూడో నాలుగో. బకీ అంతా స్మిత్‌లు, కవీలు. పోర్ట్‌నాకీలో మేర్‌లు, వుడ్‌లు. గేమ్రీలో వాట్‌లు, వెస్ట్‌లు. పేర్లు కూడా తాతవే మనవడికి. అందుకని ఒక్కో కుటుంబానికి ‘టీ నేమ్’ అని అదనపు పేరు. టీ అంటే తాగే టీ కాదు, ‘కలిపిన’ పేరని. అది ఎగతాళి పేరు కాదు, ఓటర్ల జాబితాలోకీ దస్తావేజుల్లోకీ ఎక్కిన పేరు.

మొదటి సభ్యుడు: చదవడానికి బాగుంది గానీ ఇదంతా మూఢనమ్మకమే కదా. దీన్ని భాషా సంపద అనడం నాకు మింగుడుపడటం లేదు.

మీ మాట కాదనను. రాస్ ఇంటిపేరువాళ్ళ విషయంలో అది అన్యాయం కూడా. కానీ ఆ తీరం లెక్కలు ఒకసారి చూడండి. 1848 ఆగస్టు 19న మోరే ఫిర్త్ తుపానులో ఒక్క రాత్రికి 100 మంది జాలర్లు పోయారు, 124 పడవలు పోయాయి. అప్పటి పడవలకి పైకప్పులాంటి డెక్కు లేదు, అల లోపలికి వస్తే అంతే. కెప్టెన్ వాషింగ్టన్ అనే నేవీ అధికారి విచారణ జరిపి డెక్కున్న పడవలు కట్టమని చెప్పింది ఆ తరువాతే. ఇంకా దక్షిణాన ఐమౌత్ తీరంలో 1881 అక్టోబరు 14న 189 మంది పోయారు, అందులో 129 మంది ఆ ఒక్క ఊరివాళ్ళే. మా పెద్దావిడకి కూడా 1953 జనవరి 31 తుపాను గుర్తుంది. పక్కనున్న క్రోవీ ఊళ్ళో సముద్రం ఇళ్ళలోకి వచ్చి, బాటలు కొట్టుకుపోయి, చాలా కుటుంబాలు ఊరే వదిలేశాయి. ఇప్పుడక్కడ ఎక్కువగా సెలవులకి వచ్చేవాళ్ళ ఇళ్ళే.

గాలి చేతిలో లేదు, అల చేతిలో లేదు, చేపల ధర చేతిలో లేదు. నోరొక్కటే చేతిలో ఉంది. దాన్ని అదుపులో పెట్టుకున్నారు. “నిండుకున్నాయి” అన్న ఇల్లాలికి మాత్రం బియ్యం డబ్బా అడుగు కనపడక అందా? కనపడే అంది.

మూడో సభ్యురాలు: ఇప్పటికీ అంటారా?

పీటర్‌హెడ్ రేవులో పనిచేసే కుర్రాళ్ళు సాల్మన్ అన్న మాట వినగానే దగ్గర్లో ఉన్న ఇనుము వెతుక్కోవడం నేను చూశాను. నవ్వుతూనే ముట్టుకుంటారు, కానీ ముట్టుకుంటారు.

మన గుంపులో భీమిలి, ఉప్పాడ, చీరాల వైపు వాళ్ళున్నారు కదా. వేటకి వెళ్ళేటప్పుడు మీ ఇళ్ళల్లో ఏ మాటలు అననిచ్చేవారు కాదో, వాటికి బదులు ఏమనేవారో ఊరి పేరుతో సహా ఇక్కడే కింద రాయండి. నిఘంటువుల్లో ఇవి దొరకడం కష్టం.